చేతిమేత

ఊరు ఊరంతా ఉరుము కోసం ఆకాశానికి మొక్కుతున్న ఆ ఎండాకాలంలో, ఇంకొన్నాళ్ళు ఉరమకు స్వామీ అని మొక్కుకున్నది నేనొక్కదాన్నే. ఎవరికైనా తెలిసి ఉంటే నన్ను రాళ్ళతో కొట్టేవాళ్ళు. కొట్టినా తప్పనలేను.

కర్నూలు రాజధాని కాబోయే ముందటేడు అది. మా పడమటి పల్లెలకు వానలు వరసగా ఎగ్గొట్టాయి. బావుల్లో నీళ్ళకు బదులు పావురాలు కాపురం పెట్టాయి. నలుగురికి పెట్టిన చేతులే గంజి కేంద్రం ముందర ముంతలు పట్టుకొని నిలబడ్డాయి. మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన కంబన్న, మా అత్త మద్దమ్మ. నాలుగో ప్రాణి మా కర్రెద్దు. నిజం చెప్పాలంటే ఇంటికి పెద్ద దిక్కు అదే. మాకొక ఎద్దు, మా ఊరి రైతు సుంకప్పకొక ఎద్దు. రెండూ జతకట్టి వాళ్ళ చేనూ మా చేనూ పొత్తులో విత్తుకునేవాళ్ళం. ఎద్దు పోతే పొత్తు పోతుంది, పొత్తు పోతే చేను బీడు పడుతుంది, ఆ తరవాత బళ్ళారి పక్కకు కూలికి పోవడమే. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు గనక ఎవరమూ నోరెత్తి అనేవాళ్ళం కాదు. పొద్దున లేచి ఎద్దు డొక్కలు మాత్రం చూసుకునేవాళ్ళం. రోజుకో ఎముక బయటపడుతూ వచ్చింది.

మా చేనిని ఆనుకొని పెద్ద బీడు, ఆ బీడులో పిట్టల దొడ్డి. కర్నూలు పెద్దాయన ఒకడు, పిట్టలంటే ప్రాణం పెట్టేవాడట, ఆ బీడు కొని చుట్టూ కందకం తవ్వించి, గట్టు మీద ముళ్ళకంప నాటించి, కాపలాకు బాలస్వామిని పెట్టాడు. బాలస్వామి ఆత్మకూరు దిక్కు కిరస్తానీ మనిషి, అడవి పక్కన పుట్టినవాడు. కాలు విరిగిన జింకపిల్ల గానీ బావిలో పడిన నెమలి గానీ, ఏది దొరికినా భుజాన వేసుకొచ్చి కట్టు కట్టి, నీళ్ళు తాపి, తిరగగలిగినాక వదిలేసేవాడు. ఊరివాళ్ళు పిట్టల ఆసుపత్రి అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వినదాన్నే, నాకు నోరెక్కువ. కానీ అతని ప్రాణమంతా బట్టమేక పిట్ట మీద ఉండేది. మనిషి నడుము దాకా వచ్చే పిట్ట అది. తెల్లటి మెడ ఎత్తి బీడులో నడుస్తుంటే పంచె కట్టిన పెద్దమనిషి చేను చూసుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది. ఏడాదికి ఒకే గుడ్డు, అదీ వట్టి నేల మీద పెడుతుంది. మాంసం రుచి గనక, దొరికితే వదిలేవాడు లేడు.

వైశాఖంలో ఒక పొద్దున బాలస్వామి మా వాకిలి బయట నిలబడ్డాడు. వాకిలి దాటి రానిచ్చేది కాదు మా అత్త. అతనూ ఎప్పుడూ దాటలేదు.

"అక్కా, మీ ఇంట్లో పొదుగుకొచ్చిన కోడి ఉండాదంట."

"ఉండాది. ఊర్లో మిగిలిన కోడి అదొక్కటే. దాని మీద నీ కన్ను గూడా పడినాదా?" అన్నాను.

అతను తలగుడ్డ విప్పాడు. దూది మధ్యలో గుడ్డు. కోడిగుడ్డుకు రెట్టింపు ఉంది, ఎండిన పాచి రంగు, మీద మట్టి మరకలు.

"తల్లిని ఎవురో ఉరిబెట్టి పట్టుకున్నారక్కా. ఈకలు మాత్రం దొరికినాయి. గుడ్డు ఇంకా వెచ్చగా ఉండాది. పోయినేడు దొరికినవి ఇసకలో పెట్టి, పక్కన దీపం పెట్టి చూస్తి. మురిగిపాయ. ఇది గూడా పోతే ఈ బీడులో ఇంక బట్టమేక అనే మాటే ఉండదు."

తల్లిని పట్టుకున్నవాళ్ళను నేను తప్పు పట్టను. ఆ ఏడు ఆకలి ఎవరిచేత ఏం చేయించలేదు? కానీ అతను ఆ గుడ్డును రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. నాకు జాలేసింది. జాలి వెనకాలే ఎద్దు డొక్కలు గుర్తుకొచ్చాయి.

"మాకేమిస్తావు?"

"నా దగ్గర ఏముండాదక్కా, దుడ్లా దుగ్గాణీలా?"

"దుడ్లు ఎవరడిగినారప్పా? ఎద్దుకు గడ్డి కావల్ల."

చుట్టుపక్కల ఎక్కడా గడ్డిపోచ లేదు, ఆ దొడ్డిలో తప్ప. అతని ముఖం ముడుచుకుంది.

"లోపలికి కొడవలి పోగూడదు. పిట్టలు దాక్కునేది ఆడనే. కందకం గట్టు పొడుగునా ఉండేది కోసుకో, పొద్దుకొక మోపు. పిల్ల బతికినన్నాళ్ళు."

"బతికి పెద్దదై ఎగిరిపోతే?"

"ఎగిరిపోతే ఈ ఏడంతా కోసుకో. సస్తే మాత్రం లేదు. గడ్డి నాది కాదు, పిట్టలది."

సాయంత్రం కంబన్నకు చెప్తే విసుక్కున్నాడు. "తా దూర కంత లేదు, మెడకొక డోలు అన్నట్టుండాది నీ బేరం. మనకే గతిలేదు, అడివి పిట్టకు కాన్పు చేస్తావా?" గడ్డి మాట చెప్పగానే నోరు మూసుకొని కొడవలి నూరుకున్నాడు.

గుడ్డు పెట్టింది మా అత్తే. బుట్టలో జొన్నపొట్టు పోసి, బూడిద చల్లి, బొగ్గుముక్క ఒకటి వేసింది. ఆ తరవాత అటకమీది పాత నాగలి కర్రు తెచ్చి గుడ్డు పక్కన పెట్టింది. ఉరిమితే గుడ్డులో పిల్ల చచ్చిపోతుందని, ఇనుము ఉంటే ఉరుము దానికి తగులుతుందని మాలో నమ్మకం. ఎవరైనా చిన్న మేకు పెడతారు.

"అత్తా, మేకు చాలదా? కర్రు పెడితివి."

"గుడ్డు ఎంతుండాదో చూడు, మేకు ఏం చాలుతాది? అడివిదైనా మన కోడి కింద పడినంక మన బిడ్డే."

అప్పటినుంచి మొదలైంది నా అవస్థ. ఊళ్ళో ఆడవాళ్ళంతా కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిరుగుతూ వాన కోసం పాడారు. నేనూ వాళ్ళతో తిరిగాను, అందరికంటే గట్టిగా పాడాను, మా ఇంటి ముందర కప్ప మీద నీళ్ళు కూడా పోశాను. పడమట చిన్న మబ్బు కనిపిస్తే చాలు, జనం చేతులు జోడించేవాళ్ళు, నేను పరుగెత్తి బుట్టలో కర్రు సరిగ్గా ఉందా అని చూసేదాన్ని. వాన కావాలి, చేను తడవాలి, కానీ పిల్ల బయటపడినాకే. ఇలా దేవుడితో బేరమాడే ఆడదాన్ని ఎక్కడైనా చూశారా? కంబన్న కూడా గుట్టుగా అలాగే మొక్కుకున్నాడని నా అనుమానం.

ఉరమలేదు. గుడ్డు పగిలి పిల్ల బయటపడింది. ఇసుక రంగు ఒళ్ళు, నల్ల చారలు, ఒంటికి మించిన కాళ్ళు. మా అత్త దిష్టి తీసింది. బాలస్వామి వాకిలి బయటే మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన చేసుకున్నాడు. ఎద్దుకు మొదటి మోపు ఆ రోజే వేశాం. అది నమలడం ఆపి ఆపి మా వంక చూసింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ సంతోషం మర్నాటికే పోయింది. పిల్ల మేత ముట్టలేదు.

కోడి పాపం దాని ధర్మం అది చేసింది. కొక్కొక్కొ అని పిలిచి, కాళ్ళతో నేల గీకి, నూకలు చూపించింది, చీమలు చూపించింది. పిల్ల నూకల వంక చూడనే చూడదు. కోడి ముక్కు వంక చూస్తూ, నోరు తెరుచుకొని నిలబడుతుంది. కోడికి అర్థం కాలేదు. కాసేపటికి విసుగొచ్చి నెత్తిన ఒక పోటు పొడిచింది. ఆ పూటంతా అంతే, మర్నాడూ అంతే. పిల్ల కాళ్ళు తేలిపోతున్నాయి. బాలస్వామి వచ్చి, వాకిలి బయటినుంచే తొంగిచూశాడు.

"ఊరంతా తిండి లేక సస్తాంటే, కాళ్ళ కాడ మేత పెట్టుకొని సచ్చేది నువ్వొక్కదానివే కదే, పాపిష్టి ముండా!" అని దాన్ని తిట్టాను. కోపంతో, మోపులోంచి నా చేతిమీదికెక్కిన మిడతను పట్టుకొని విసిరేయబోయాను. పిల్ల తటాలున వచ్చి నా వేళ్ళ సందులోంచి మిడతను లాక్కొని మింగేసింది. మళ్ళీ నోరు తెరిచింది.

"అక్కా, వీటి తల్లి నోటికందిస్తాదేమో. నేల మీదిది మేత అని దీనికి తెలీదు," అన్నాడు బాలస్వామి. అతను నవ్వుతూ ఏడుస్తున్నాడు. "నీ చెయ్యే దానికి తల్లి ముక్కు."

అప్పటినుంచి పొద్దంతా నాకదే పని. దొడ్డిలో గడ్డి దుబ్బుల మధ్య వంగి మిడతలు, పురుగులు, చెదలు పట్టి, ఒక్కొక్కటే దాని నోటికందించాను. నేను గంజి కేంద్రానికి పోతే పొడుగాటి కాళ్ళేసుకొని వెనకాలే వచ్చేది. వరసలో ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏమ్మే భీమక్కా, నీ బిడ్డకు గూడా ముంత తేలేదే?"

"నీ ముంతలో సగం పోస్తావేమో అని తేలేదులే," అన్నాను.

రోజులు గడిచేకొద్దీ పిల్ల కోడి కంటే ఎత్తయింది. ఎద్దు పక్కటెముకలు కొంచెం మూసుకున్నాయి. ఆ రెండూ ఒకే ప్రాణమన్నట్టు చూసుకున్నాను. ఒక సాయంత్రం సుంకప్ప తన పొత్తు ఎద్దు ఎలా ఉందో చూసిపోదామని వచ్చాడు. అరుగు మీద కూర్చొని ఊరికే చెయ్యి చాపాడు. పిల్ల పరుగెత్తుకొని అతని ముందరికి పోయి నోరు తెరిచింది. సుంకప్ప దాని రొమ్ము వేళ్ళతో తడిమి చూశాడు.

"బాగా కండబట్టిందే. ఇంకొక నెల మేపితే ఇంటిల్లిపాదికీ సాలుతాది."

అతను నవ్వులాటకే అన్నాడు. వాకిలి బయట నిలబడ్డ బాలస్వామి నవ్వలేదు.

"చూస్తివా అక్కా. చెయ్యి కనపడితే సాలు, అమ్మ అనుకుంటాది. దీన్ని బీడులో వదిలితే ఎదురొచ్చిన మొదటి మనిషి కాడికే పోతాది. తనంతట తాను ఏరుకోని తింటే తప్ప ఇది బతికినట్టు లెక్కకాదు."

"నేర్పిద్దాం లేప్పా."

నేర్పించడానికి నేను పడని పాట్లు లేవు. మిడతల రెక్కలు తుంచి నేల మీద వేశాను. వాటిని తొక్కుకుంటూ వచ్చి నా చేతిని పొడిచేది. చేతులు కొంగులో దాచుకొని ఒక పగలంతా కూర్చున్నాను. నా ముందర నిలబడి, సాయంత్రం దాకా కీచుమని ఏడ్చింది. చివరికి మా అత్తే ఓర్చుకోలేక "ఇచ్చేయవే రాక్షసీ" అని అరిచింది. ఇచ్చేశాను. ఆకలిగొన్న నోటిముందర చేతులు ముడుచుకొని కూర్చోవడం ఆ ఏడు నావల్ల కాలేదు.

ఆషాఢంలో ఒక చినుకు పడింది. వాన అనడానికి లేదు, దుమ్ము అణిగింది అంతే. ఆ మాత్రానికే మా చేలో పాత జొన్న మోళ్ళు పచ్చగా పిలకలు వేశాయి. మా సీమలో పసిబిడ్డకు కూడా తెలుసు, ఎండకు ముడుచుకున్న జొన్న పిలకకు నాము పడుతుంది, అది విషం, మేసిన పసరం ఇల్లు చేరదు. మంచి వాన పడితే నాము కడుక్కొని పోతుంది, అప్పుడు మేపవచ్చు. ఇదీ అందరికీ తెలుసు.

ఆ పొద్దున నేను దొడ్డిలో మిడతలు పడుతున్నాను. కంబన్న బావి దగ్గర ఉన్నాడు. మా అత్త కేక వినిపించి పరుగెత్తాను. ఎద్దు చేలో పక్కకు పడి ఉంది. కడుపు ఉబ్బింది, నోట నురగ, కాళ్ళు నేలను కొట్టుకుంటున్నాయి.

"బెల్లం నీళ్ళు పోయండి, బెల్లం!" అని ఎవరో అరిచారు. బెల్లం మా ఇంట్లో ఉందా? ఊళ్ళో ఉందా? బాలస్వామి దొడ్డిలో జింకపిల్లల కోసం దాచుకున్న ముక్క తెచ్చి నీళ్ళలో పిసికేసరికి కాళ్ళు కొట్టుకోవడం ఆగిపోయింది.

మా అత్త దాని తల దగ్గర కూర్చొని ఉంది. చేతిలో పలుపు.

"వాన పడింది కదరా కంబన్నా. నాము కడుక్కోని పోయింటాదనుకుంటి. పచ్చగా కనపడ్య. కట్టుగొయ్య కాడ అట్లే చూస్తాంటే పానం ఒప్పల్య. రవ్వంత నోరు తడుపుకోనీలే అని ఇప్పితి."

కంబన్న ఆమె చేతిలోంచి పలుపు తీసి, చుట్ట చుట్టి, చెట్టుకు తగిలించి వచ్చాడు. ఆ తరవాత మా అత్త నోరు పడిపోయినట్టే అయింది. ఎవరు పిలిచినా పలకలేదు. గంజి ముంత ముందర పెడితే దాని వంక చూస్తూ కూర్చునేది. మింగమని నేనే వేళ్ళతో నోటికి పెట్టాల్సి వచ్చింది. ఒక చేత్తో పిట్టకు, ఒక చేత్తో అత్తకు. ఇదేం ఖర్మ దేవుడా అని తల బాదుకున్నాను.

సుంకప్ప మర్యాదగానే వచ్చి చెప్పాడు, ఇంకొకరితో పొత్తు కలుపుకుంటున్నానని. అతన్ని ఏమనగలం? కంబన్న బళ్ళారికి పోదామన్నాడు.

"అమ్మను రైలుబండి ఎక్కించుకోని పోదాం. ఆ పిట్టను ఆయప్పకు ఇచ్చేయ్."

పిల్లను చంకనబెట్టుకొని దొడ్డికి పోయాను. "తీసుకోప్పా. ఎద్దే పోయినాక నాకు గడ్డి యాలకు, పిట్ట యాలకు?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. బాలస్వామి తీసుకున్నాడు. నేను ఇల్లు చేరేసరికి అది కందకం దాటి నా వెనకాలే వచ్చి, వాకిట్లో నోరు తెరుచుకొని నిలబడింది. ఛీ పో అన్నాను. పోలేదు.

మూటలు కట్టుకున్న తెల్లవారి వాన దిగింది. ఉరుములతో, గాలితో, చాలని చెప్పేదాకా కురిసింది. వెలిసినాక నేల పిడికిట పడితే ముద్దయ్యేంత పదును. ఊళ్ళో విత్తనం వేసే గొర్రులన్నీ చేల దారి పట్టాయి. కంబన్న వాకిట్లో నిలబడి ఎర్రబడ్డ కళ్ళతో చేను వంక చూస్తున్నాడు. రేపు ఎండ కాస్తే పదును ఆరిపోతుంది. ఇవాళ విత్తు పడితే ఉంటాం, పడకపోతే పోతాం. మధ్యన ఇంకో దారి లేదు.

నేను పోయి కాడి దింపాను. "నువ్వు గొర్రు పట్టుకో. నేను లాగుతా."

"పిచ్చి పట్టిందా మే? కాడికి రెండు పక్కలుండాయి."

"రెండో పక్క సుంకప్ప ఎద్దు రాదులే. పద."

చేలో గొర్రు దించి ఒక పక్క నా భుజం పెట్టాను. రెండో పక్క నేలకు వాలింది. గట్టు మీంచి బాలస్వామి చూశాడు. దిగి వచ్చాడు, మా వెనకే వచ్చి నిలబడ్డ మా అత్త వంక ఒక్కసారి చూశాడు, కాడి రెండో కొస ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. మా అత్త విత్తనాల కొర్రలు ఒడిలో పోసుకొని గొర్రు వెనకాల వచ్చి నిలబడి, విత్తనం పోసే జడ్డిగం గిన్నెలో చెయ్యి పెట్టింది. అంతవరకూ ఆమె ఇల్లు కదులుతుందని మేమెవరం అనుకోలేదు.

లాగాం. మెడ మీద కాడి, చేతులతో దాన్ని పట్టుకోకపోతే జారిపోతుంది. ఎద్దు ఇన్నేళ్ళు ఎలా లాగిందో ఆ మొదటి సాలులోనే తెలిసొచ్చింది. పాదాలు మట్టిలో దిగబడుతున్నాయి. అప్పుడు వచ్చింది పిల్ల. నా ముందర పరుగెత్తుతూ నోరు తెరిచింది. దాని పొద్దుటి మేత వేళ అది. నా చేతులు రెండూ కాడి మీద ఉన్నాయి. కీచుమంది. కాళ్ళకు అడ్డం పడింది. ముక్కుతో నా పిడికిలి పొడిచింది, వేళ్ళు విప్పుకొమ్మని.

"ఒక్క గడియ ఆపు," అన్నాను కంబన్నతో.

"ఆగొద్దు మే. పదును పోతాండాది. ఆగితే మళ్ళీ లేవలేం."

నిజమే, ఆగితే లేవలేం. బాలస్వామి నా వంక చూడలేదు, కాళ్ళ వంక చూస్తూ లాగుతున్నాడు. దాని ఏడుపు నా పక్కన, ఆ తరవాత నా వెనక, ఇంకా వెనక వినిపించింది. నేనూ ఏడుస్తూనే లాగాను. ఇట్లా ఎన్ని సాళ్ళు పోయామో తెలీదు. ఒకచోట దాని గొంతు ఆగిపోయింది. చచ్చిందేమో అనుకున్నాను. తిరిగి చూద్దామంటే మెడ మీద కాడి తిప్పనీయదు.

అప్పుడు వెనకనుంచి మా అత్త గొంతు వినిపించింది. ఎద్దు పోయిననాటి నుంచి వినని గొంతు.

"మే భీమక్కా! తింటాండాది మే! సాలులో పురుగు ఏరుకోని తింటాండాది! అది... అదొకటి మింగె. ఇంకొకటి. కంబన్నా, చూడరా, వంగి తింటాండాది!"

నేను చూడలేదు. నా పక్కన కాడి వణికింది, బాలస్వామి భుజాలు అదురుతున్నాయి. ఇద్దరం అలాగే లాగాం, చేను కొస దాకా. కొసన గొర్రు తిప్పుకునేటప్పుడు మాత్రం చూశాను. చాలా దూరంలో, గొర్రు తిరగేసిన తడి మట్టిలో, మెడ నేలకు వంచుకొని ఒక్కో అడుగూ వేస్తోంది. అలవాటు చొప్పున నా చెయ్యి ఒకటి కాడి వదిలి, వేళ్ళు చాపుకొని గాలిలోకి లేచింది. అది తలెత్తి నా చేతి వంక చూసింది. కాసేపు చూసింది. తల దించుకొని మళ్ళీ మట్టిలో పొడుచుకుంది.

"పట్టు మే," అన్నాడు కంబన్న, మెల్లగా.

చెయ్యి దించి కాడి పట్టుకున్నాను.